ఆడుతూనే కోచింగ్: డాన్ స్టేలీ దారి వెనక లెక్కలు

2024 ఏప్రిల్ 7న క్లీవ్‌లాండ్‌లో సౌత్ కరోలినా, అయోవా యూనివర్సిటీల మధ్య అమెరికా కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిగింది. ఆట మొదలైన కాసేపటికే అయోవా 10–0తో ముందుకెళ్లిపోయింది. ఆ ఏడాది ఎక్కడ చూసినా పేరు వినపడిన అయోవా ప్లేయర్ కెయిట్లిన్ క్లార్క్ మొదటి క్వార్టర్‌లోనే 18 పాయింట్లు వేసింది. ఆ తర్వాత సౌత్ కరోలినా బెంచ్ మీది అమ్మాయిలు ఒక్కొక్కరే లేచి కోర్టులోకి వచ్చారు. ఆట ముగిసేసరికి సౌత్ కరోలినా బెంచ్ వేసిన పాయింట్లు 37, అయోవా బెంచ్ వేసినవి సున్నా. మిగతా మూడు క్వార్టర్లూ కలిపి క్లార్క్‌కు దక్కినవి 12 పాయింట్లే. చివరి స్కోరు 87–75. ఆ సీజన్‌లో 38 మ్యాచ్‌లు ఆడిన సౌత్ కరోలినా ఒక్కటీ ఓడలేదు.

అమెరికాలో సుమారు 1 కోటి 89 లక్షల మంది ఆ మ్యాచ్‌ను టీవీలో చూశారు. అదే ఏడాది పురుషుల కాలేజీ ఫైనల్‌ను అంతమంది చూడలేదు. సౌత్ కరోలినా కోచ్ డాన్ స్టేలీ పేరు బాస్కెట్‌బాల్ పెద్దగా చూడనివాళ్ల చెవిన పడింది ఆ రోజుల్లోనే. పేరుతో పాటు కొన్ని సందేహాలూ వచ్చాయి. మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ప్లేయర్ ప్రొఫెషనల్ లీగ్‌లో పైకి వెళ్లకుండా కాలేజీకి ఎందుకు వెళ్లారు? ఒక కాలేజీ కోచ్‌కు ఏడాదికి 40 లక్షల డాలర్ల జీతం ఎలా కుదిరింది? బాగా ఆడినవాళ్లు ఎవరైనా ఇలా కోచ్ అయిపోవచ్చా?

క్లుప్తంగా

స్టేలీ ఆట మానేశాక కోచ్ కాలేదు. 2000 నుంచి 2006 దాకా రెండు పనులూ కలిసే నడిచాయి. మహిళల ప్రొఫెషనల్ లీగ్ వేసవిలో, కాలేజీ సీజన్ చలికాలంలో ఉండటం దీనికి వీలిచ్చింది. ఆడే లీగుల్లో డబ్బు తక్కువ, ఉద్యోగానికి భరోసా తక్కువ కావడం అటువైపు నెట్టింది. అయితే ఆమె గెలుపును నిర్ణయించింది ప్లేయర్‌గా వచ్చిన పేరు ఒక్కటే కాదు. సొంత రాష్ట్రం అమ్మాయిలను ఒప్పించగలగడం, మొదటి రెండేళ్ల ఓటములను యూనివర్సిటీ ఓపిగ్గా భరించడం అంతకంటే ఎక్కువ పనిచేశాయి. అంతే పెద్ద పేరున్న ఇతర ప్లేయర్ల అనుభవంతో పోల్చి చూస్తే ఇది స్పష్టమవుతుంది.

కాలేజీ కోచ్ అంటే అక్కడ అర్థం వేరు

మన దగ్గర కాలేజీ జట్టంటే చేరినవాళ్లలోంచి ఫిజికల్ డైరెక్టర్ పన్నెండు మందిని ఎంచి ఇంటర్ యూనివర్సిటీ టోర్నీకి తీసుకెళ్లడం. అమెరికాలో పై అంచె కాలేజీ పోటీని డివిజన్ 1 అంటారు. అందులో మహిళల బాస్కెట్‌బాల్ జట్లు 350కి పైగా ఉన్నాయి. సౌత్ కరోలినా తన సొంత మ్యాచ్‌లు ఆడే కలోనియల్ లైఫ్ అరీనాలో 18,000 మంది కూర్చోవచ్చు. 2014–15 సీజన్ నుంచి 2024–25 దాకా మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ప్రేక్షకుల హాజరులో దేశంలో మొదటి స్థానం ఆ జట్టుదే.

ప్రొఫెషనల్ లీగ్‌లో కొత్త ప్లేయర్లను డ్రాఫ్ట్ ద్వారా, అంటే జట్లు వంతులవారీగా, ఎంచుకుంటారు. ఎవరిని తీసుకోవాలో, ఎవరిని పంపించాలో జనరల్ మేనేజర్ తేలుస్తారు. కోచ్ చేతికి వచ్చినవాళ్లతో ఆడిస్తారు. కాలేజీలో డ్రాఫ్ట్ లేదు. పదహారు, పదిహేడేళ్ల అమ్మాయి ఏ యూనివర్సిటీకి వెళ్లాలో తనే నిర్ణయించుకుంటుంది. కాబట్టి కోచ్ ఆమె స్కూల్ మ్యాచ్‌లు చూడాలి, ఇంటికి వెళ్లాలి, అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడాలి, నాలుగేళ్ల స్కాలర్‌షిప్ మీద నమ్మకం కలిగించాలి. దీన్నే రిక్రూటింగ్ అంటారు. కోచ్ పనిలో సగం ఇదే అనుకోవచ్చు. జట్టును కట్టేది, ఆడించేది, ఊళ్లో దాని ముఖంగా నిలబడేది ఒకే మనిషి.

ఉద్యోగాల సంఖ్య కూడా చూడాలి. 2024 నాటికి మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఉన్నవి 12 జట్లు. అంటే హెడ్ కోచ్ కుర్చీలు 12. కాలేజీల్లో 350కి పైగా. జీతాల తేడా అయితే ఇంకా విచిత్రం. 2024లో డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైన క్లార్క్‌కు ఆ ఏడాది లీగ్ ఇచ్చిన జీతం 76,535 డాలర్లు. ఆమెను ఫైనల్లో ఓడించిన జట్టు కోచ్ జీతం అప్పటికే ఏడాదికి 30 లక్షల డాలర్లు దాటింది. ఇది తెలిశాక స్టేలీ కాలేజీకి రావడం కిందికి దిగడంలా కనిపించదు.

ఫిలడెల్ఫియా కోర్టు నుంచి వర్జీనియా దాకా

స్టేలీ 1970లో పుట్టారు. నార్త్ ఫిలడెల్ఫియాలో రేమండ్ రోజెన్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో, అయిదుగురు పిల్లల్లో ఆఖరిదిగా పెరిగారు. తల్లి ఎస్టెల్ సౌత్ కరోలినా నుంచి ఉత్తరాదికి వలస వచ్చిన మనిషి. ఈ చిన్న వివరం తర్వాత పెద్ద మలుపులో మళ్లీ ఎదురవుతుంది. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. బాస్కెట్‌బాల్‌లో అది పొట్టి కిందే లెక్క. అబ్బాయిలతో కలిసి ఆడుతూ బంతిని కాపాడుకోవడం, ఖాళీ కనిపెట్టడం నేర్చుకున్నారు. 1988లో డాబిన్స్ స్కూల్ నుంచి బయటికొచ్చేసరికి దేశంలో మేటి హైస్కూల్ ప్లేయర్‌గా పేరు వచ్చింది.

వర్జీనియా యూనివర్సిటీలో కోచ్ డెబీ రయన్ దగ్గర నాలుగేళ్లు ఆడారు. అందులో మూడేళ్లు వరసగా జట్టును ఫైనల్ ఫోర్‌కు, అంటే జాతీయ సెమీఫైనల్స్‌కు చేర్చారు. 1991, 1992లో దేశంలో ఉత్తమ కాలేజీ ప్లేయర్‌గా అవార్డులు అందుకున్నారు. టైటిల్ మాత్రం దక్కలేదు. 1991 ఫైనల్ న్యూఆర్లియన్స్‌లో టెనసీతో జరిగింది. చివరి నిమిషాల్లో ఆధిక్యంలో ఉన్న వర్జీనియా దాన్ని నిలబెట్టుకోలేకపోయింది. మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్లి 70–67తో టెనసీ గెలిచింది. 28 పాయింట్లు వేసిన స్టేలీకి ఫైనల్ ఫోర్ ఉత్తమ ప్లేయర్ బహుమతి ఇచ్చారు. ఓడిన జట్టు నుంచి ఆ బహుమతి అందుకోవడం చాలా అరుదు.

ఏ లీగూ లేని రోజులు

1992లో చదువు అయిపోయేసరికి అమెరికాలో మహిళలకు ప్రొఫెషనల్ లీగ్ లేదు. ఆ ఏడాది ఒలింపిక్ జట్టులోనూ చోటు దొరకలేదు. దేశంలోకెల్లా గొప్ప కాలేజీ ప్లేయర్‌కు సొంత దేశంలో ఆడటానికి జట్టు లేకపోవడం ఇప్పటి పాఠకులకు నమ్మబుద్ధి కాకపోవచ్చు, కానీ అప్పటి పరిస్థితి అదే. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, బ్రెజిల్ క్లబ్బుల్లో ఆడి నెట్టుకొచ్చారు.

1995లో అమెరికా ఒక ప్రయోగం చేసింది. ఒలింపిక్స్‌కు ముందు జాతీయ మహిళల జట్టును ఏడాది పాటు ఒకచోట ఉంచి, దేశదేశాలు తిప్పి ఆడించింది. స్టాన్‌ఫర్డ్ కోచ్ టారా వాన్‌డెర్‌వీర్ తన ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ ఆ జట్టును నడిపారు. సన్నాహక మ్యాచ్‌లు 52, అట్లాంటా ఒలింపిక్స్‌లో 8. మొత్తం 60 మ్యాచ్‌ల్లో ఒక్క ఓటమి లేదు. కోర్టు మీద ఆటను నడిపించే పాయింట్ గార్డుల్లో ఒకరు స్టేలీ.

ఆ ఊపులో రెండు లీగులు పుట్టాయి. ఒకటి ఏబీఎల్, రెండోది పురుషుల ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ అండ ఉన్న డబ్ల్యూఎన్‌బీఏ. స్టేలీ ఏబీఎల్‌లో రిచ్‌మండ్ రేజ్ జట్టులో చేరారు. ఆ జట్టు తర్వాత ఫిలడెల్ఫియాకు మారింది. 1998 డిసెంబర్‌లో డబ్బు అయిపోయి, సీజన్ మధ్యలోనే ఏబీఎల్ మూతపడింది. అప్పటికి ఆమె వయసు 28. మరుసటి ఏడాది డబ్ల్యూఎన్‌బీఏలో షార్లెట్ స్టింగ్ జట్టు ఆమెను డ్రాఫ్ట్‌లో తీసుకుంది.

కోచింగ్ వైపు మళ్లడానికి కారణాలు వెతికేటప్పుడు ఈ భాగాన్ని చాలామంది వదిలేస్తారు. ఏడేళ్లలో విదేశీ క్లబ్బులు, ఒక కొత్త లీగ్, దాని చావు, ఇంకో లీగ్. ఆటలో ఎంత పైన ఉన్నా, వచ్చే చలికాలం జీతం ఎక్కడి నుంచి వస్తుందో తెలియని బతుకు. యూనివర్సిటీ ఉద్యోగం అలాంటిది కాదు.

ఒకే ఏడాదిలో మూడు జెర్సీలు

2000లో టెంపుల్ యూనివర్సిటీ మహిళల జట్టుకు కోచ్ కావాల్సి వచ్చింది. టెంపుల్ ఉన్నది నార్త్ ఫిలడెల్ఫియాలోనే, స్టేలీ పెరిగిన ఇళ్లకు దగ్గర్లో. అథ్లెటిక్ డైరెక్టర్ డేవ్ ఓబ్రయన్ ఆమెను అడిగారు. మొదట ఆమెకు ఆసక్తి లేదు. అసిస్టెంట్ కోచ్‌గా ఒక్కరోజు కూడా పనిచేయని, ఇంకా ఆడుతున్న ప్లేయర్‌కు నేరుగా హెడ్ కోచ్ పదవి ఇవ్వడం యూనివర్సిటీకీ సాహసమే. చివరికి ఆమె ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే: ఆట మానను.

ఆ ఏడాది క్యాలెండర్‌ను దగ్గర్నుంచి చూస్తే ఇది ఎలా కుదిరిందో అర్థమవుతుంది. వసంతంలో టెంపుల్ ఉద్యోగం. వేసవంతా షార్లెట్ జట్టుతో డబ్ల్యూఎన్‌బీఏ మ్యాచ్‌లు. సెప్టెంబర్‌లో సిడ్నీ ఒలింపిక్స్, నెలాఖరుకు రెండో స్వర్ణం. నవంబర్‌లో టెంపుల్ కోచ్‌గా మొదటి సీజన్. కాలేజీ మ్యాచ్‌లు నవంబర్ నుంచి మార్చి చివరి వరకు, ఇంకా ముందుకెళ్తే ఏప్రిల్ మొదటి వారం వరకు సాగుతాయి. డబ్ల్యూఎన్‌బీఏ అప్పట్లో మే నెలాఖర్లో మొదలై వేసవితో ముగిసేది. రెండింటికీ మధ్య కొద్ది వారాల ఖాళీ. మిగతా ప్లేయర్లు ఆ చలికాలాన్ని యూరప్ క్లబ్బులకు ఇచ్చేవారు. స్టేలీ టెంపుల్‌కు ఇచ్చారు. పురుషుల బాస్కెట్‌బాల్‌లో ఇది జరిగే పని కాదు, ఎందుకంటే ఎన్‌బీఏ, కాలేజీ రెండూ ఒకే కాలంలో నడుస్తాయి.

అన్నీ సాఫీగా సరిపోయాయని కాదు. స్కూల్ ప్లేయర్లను చూడటానికి కోచ్‌లు ఊళ్లు తిరిగేది ముఖ్యంగా జులైలో. సరిగ్గా అప్పుడే డబ్ల్యూఎన్‌బీఏ మంచి ఊపులో ఉంటుంది. అందుకే సహాయ కోచ్‌ల మీద ఆధారపడటం తప్పనిసరి. ఏబీఎల్‌లో రేజ్ జట్టుకు కోచ్‌గా పనిచేసిన లీసా బోయర్ 2002లో టెంపుల్‌కు వచ్చి స్టేలీ దగ్గర అసిస్టెంట్‌గా చేరారు. ఒకప్పుడు తనను ఆడించిన కోచే తన కింద పనిచేయడానికి రావడం, ఇద్దరూ ఆ తర్వాత సౌత్ కరోలినా దాకా కలిసి వెళ్లడం ఈ కథలో అంతగా పట్టించుకోని విషయం. అనుభవం లేని హెడ్ కోచ్ పక్కన అనుభవమున్న మనిషి కూర్చున్నారు.

ఫలితాలు త్వరగానే కనిపించాయి. టెంపుల్‌లో ఎనిమిది సీజన్లలో 172 గెలుపులు, 80 ఓటములు. ఆరుసార్లు జాతీయ టోర్నీలో చోటు. 2001 వేసవిలో ప్లేయర్‌గా ఉన్న షార్లెట్ జట్టు మొదటి 11 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి, అక్కడి నుంచి లేచి లీగ్ ఫైనల్‌కు చేరింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో అమెరికా జెండా పట్టుకున్నది స్టేలీయే. అక్కడ మూడో స్వర్ణం గెలిచి వచ్చి, ఆ చలికాలంలోనే టెంపుల్‌ను 28–4 సీజన్‌కు, అంటే 28 గెలుపులు, 4 ఓటములకు, నడిపించారు. టెంపుల్‌లో ఆమె దగ్గర ఆడిన క్యాండిస్ డూప్రీ 2006లో షికాగో స్కై జట్టులో చేరింది. అదే వేసవి స్టేలీ హ్యూస్టన్ కామెట్స్‌తో తన ఆఖరి సీజన్ ఆడారు. గురువూ శిష్యురాలూ ఒకే లీగ్‌లో చెరో జట్టు తరఫున కోర్టు మీద ఉన్నారు.

రెండు పాత్రలు కలిపి మోయడంలో స్టేలీ మొదటివారు కాదు. టెనసీకి ఎనిమిది టైటిళ్లు తెచ్చిన పాట్ సమిట్ 1974లో 22 ఏళ్లకే అక్కడ హెడ్ కోచ్ అయ్యారు. కోచ్‌గా ఉంటూనే 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆడి వెండి పతకం తెచ్చుకున్నారు. అయితే అది మహిళల కాలేజీ ఆటకు డబ్బు, టీవీ లేని కాలం. ప్రొఫెషనల్ లీగ్ వచ్చాక ఆరేళ్ల పాటు రెండూ నడపడం వేరే సంగతి.

పాయింట్ గార్డ్‌కు కోచింగ్ ఎందుకు దగ్గర

పాయింట్ గార్డ్ బంతిని ముందుకు తెస్తుంది. ఏ ఆట ఆడాలో చేతి సైగతో చెబుతుంది. ఎవరు అలసిపోయారో, ఎవరికి ఇప్పుడు ఒక సులువైన బాస్కెట్ పడితే ధైర్యం వస్తుందో గమనిస్తుంది. కోచ్ టైమ్ అవుట్‌లో చెప్పిన మాట కోర్టు మీద అమలయ్యేది ఆమె నోటి ద్వారానే. ఈ చూపు కోచింగ్‌కు బాగా అక్కరకొస్తుంది. టెంపుల్‌లో స్టేలీకి ఇంకో బలం కూడా ఉండేది. పొద్దున ప్రాక్టీస్‌లో చెప్పిన డిఫెన్స్‌ను ఆమె స్వయంగా వేసవిలో లీగ్‌లో ఆడుతున్నారు. ఇరవై ఏళ్ల అమ్మాయికి ఆ మాట పాత జ్ఞాపకంలా కాక, నిన్నటి అనుభవంలా వినపడుతుంది.

కానీ ఇదే అసలు కారణం అనుకుంటే లెక్క తప్పుతుంది. లిండ్సే వేలెన్ కూడా పాయింట్ గార్డే. రెండు ఒలింపిక్ స్వర్ణాలు, నాలుగు డబ్ల్యూఎన్‌బీఏ టైటిళ్లు ఉన్న మనిషి. 2018లో తను చదివిన మినసోటా యూనివర్సిటీకే హెడ్ కోచ్ అయ్యారు. స్టేలీ లాగే ఆ వేసవి ఇంకా లీగ్‌లో ఆడుతూనే ఉన్నారు. మొదటి సీజన్ 21–11. అయిదేళ్లు పూర్తయ్యేసరికి 71 గెలుపులు, 76 ఓటములు. 2023లో పదవి పోయింది. టీనా థాంప్సన్ 2004లో స్టేలీతో కలిసి ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. స్టేలీ చదివిన వర్జీనియాకే 2018లో కోచ్‌గా వెళ్లారు. నాలుగేళ్లకు ఆమెనూ పంపించేశారు. మరోపక్క కనెటికట్ కోచ్ జీనో ఆరియెమా ప్లేయర్‌గా ఎవరికీ గుర్తులేరు. ఆయన జట్టుకు 2025 నాటికి 12 జాతీయ టైటిళ్లున్నాయి.

గొప్పగా ఆడటం తలుపు తెరుస్తుంది. ఎంతకాలం లోపల ఉంటారనేది వేరేవి నిర్ణయిస్తాయి. ఆ వేరేవి సౌత్ కరోలినాలో బాగా కనిపిస్తాయి.

10–18 నుంచి మొదలు

2008లో స్టేలీ టెంపుల్ వదిలి సౌత్ కరోలినా రాజధాని కొలంబియాకు వచ్చారు. తల్లి వదిలి వెళ్లిన రాష్ట్రానికి కూతురు కోచ్‌గా తిరిగి వచ్చినట్టు. సౌత్ కరోలినా ఆడే సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (ఏటా తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల బృందం) అంటే టెనసీ లాంటి జట్లున్న చోటు. మొదటి సీజన్ 10–18. ఆ కాన్ఫరెన్స్‌లో 14 మ్యాచ్‌లాడి రెండే గెలిచారు. రెండో సీజన్ 14–15. మూడోది 18–15. నాలుగోది 25–10, జాతీయ టోర్నీలో చివరి 16లో చోటు.

ఈ నాలుగు అంకెలు జాగ్రత్తగా చూడాల్సినవి. ఏటేటా కొంచెం కొంచెం మెరుగయ్యాయి. కానీ మొదటి రెండేళ్లు చూసి ఎవరైనా కోచ్‌ను మార్చి ఉంటే ఆ తర్వాత ఏమీ లేదు. కాలేజీలో జట్టు మారాలంటే కనీసం మూడు, నాలుగు బ్యాచ్‌లు చేరాలి. పాత కోచ్ తెచ్చినవాళ్లు వెళ్లాలి, కొత్తవాళ్లు ఎదగాలి. ఆ సమయం ఇవ్వడం యూనివర్సిటీ చేసిన మంచి పని. దాని పేరు ఎవరూ తలచుకోరు.

రెండో పని రాష్ట్రం లోపలి అమ్మాయిలను ఆపుకోవడం. అంతకుముందు సౌత్ కరోలినాలో బాగా ఆడే పిల్లలకు బయటి పెద్ద జట్లే గమ్యం. 2011లో గూస్ క్రీక్ ఊరి నుంచి అలీషా వెల్చ్ చేరింది. తర్వాత అలేనా కోట్స్ వచ్చింది. 2014లో దేశంలోనే అందరికంటే పై ర్యాంకులో ఉన్న ఏజా విల్సన్ కనెటికట్, టెనసీలను కాదని సౌత్ కరోలినాను ఎంచుకుంది. ఆమె ఊరు హాప్కిన్స్ యూనివర్సిటీకి పక్కనే. 2015లో జట్టు మొదటిసారి ఫైనల్ ఫోర్‌కు వెళ్లింది. 2017లో మిసిసిపీ స్టేట్‌ను 67–55తో ఓడించి మొదటి టైటిల్ గెలిచింది. విల్సన్ 2018 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక. 2025 నాటికి డబ్ల్యూఎన్‌బీఏలో నాలుగుసార్లు ఎంవీపీ, అంటే సీజన్ ఉత్తమ ప్లేయర్, అయింది.

వేలెన్ అనుభవంతో పోల్చడానికి ఇక్కడ ఒక కాకతాళీయం ఉంది. మినసోటాలోనూ హాప్కిన్స్ అనే చోటుంది. అక్కడి హైస్కూల్‌లో ఆడిన పేజ్ బెకర్స్ తన బ్యాచ్‌లో దేశంలో మొదటి ర్యాంకు ప్లేయర్. వేలెన్ జట్టు పక్కనే ఉన్నా ఆమె కనెటికట్ వెళ్లింది. ఒక అమ్మాయి నిర్ణయంతోనే ఒక కోచ్ భవిష్యత్తు తేలిపోతుందని కాదు. కానీ ఒక హాప్కిన్స్ ప్లేయర్ ఇంటి దగ్గర ఆగింది, ఇంకో హాప్కిన్స్ ప్లేయర్ వెళ్లిపోయింది. 2025 ఫైనల్లో అదే బెకర్స్ ఉన్న కనెటికట్ సౌత్ కరోలినాను 82–59తో చిత్తుగా ఓడించింది.

పక్క ఊరి పిల్ల ఆడుతుంటే ఊరు మ్యాచ్‌కు వస్తుంది. అరీనా నిండితే దాన్ని చూసి తర్వాతి బ్యాచ్ పిల్లలు చేరతారు. గెలుపు, జనం, రిక్రూటింగ్ ఒకదాన్నొకటి లాక్కొచ్చే చక్రం ఇది. 2022లో కనెటికట్‌పై 64–49తో రెండో టైటిల్. 2023లో 36 మ్యాచ్‌లు వరసగా గెలిచి, సెమీఫైనల్లో క్లార్క్ ఆడిన అయోవా చేతిలో 77–73తో ఓటమి. ఆ ఓటమి తర్వాత అలియా బోస్టన్‌తో సహా, మ్యాచ్ మొదలుపెట్టే అయిదుగురు ప్లేయర్లూ వెళ్లిపోయారు. జట్టు మళ్లీ మొదటికొచ్చిందనుకున్నారు. మరుసటి ఏడాదే 38–0. వ్యాసం మొదట్లో చెప్పిన 37–0 బెంచ్ లెక్క దీనికి జవాబు. ఎనిమిది, తొమ్మిది మందిని సీజన్ పొడవునా ఆడిస్తూ వచ్చారు కాబట్టి ఫైనల్ రోజు బెంచ్ నుంచి వచ్చినవాళ్లు బెదరలేదు.

జీతం, సమానత్వం, ఒక వల ముక్క

2021 అక్టోబర్‌లో యూనివర్సిటీ ఆమెతో ఏడేళ్లకు 2 కోట్ల 24 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. మొదటి ఏడాది 29 లక్షలు, ఏటా లక్ష పెంపు. పురుషుల జట్టు కోచ్‌కు ఎంతో తనకూ అంత అని గట్టిగా అడిగి సాధించుకున్న ఒప్పందం అది. 2025 జనవరిలో దాన్ని 2029–30 సీజన్ వరకు పొడిగిస్తూ ఏడాది జీతం 40 లక్షలు చేశారు. మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అప్పటికి అదే అత్యధికం.

దీని వెనక ఒక పాత వైరుధ్యం ఉంది. 1972లో టైటిల్ 9 చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము అందుకునే విద్యాసంస్థలు ఆడపిల్లలకూ సమాన అవకాశం ఇవ్వాలన్నది. దాంతో అమ్మాయిల జట్లు, స్కాలర్‌షిప్‌లు పెరిగాయి. అన్ని ఆటలూ కలిపి చూస్తే అప్పట్లో కాలేజీ మహిళల జట్ల కోచ్‌లలో 90 శాతానికి పైగా మహిళలే. జీతాలు పెరిగేకొద్దీ ఆ ఉద్యోగాలకు మగవాళ్లు వచ్చారు, మహిళల వాటా సగానికంటే తగ్గిపోయింది. ఆడే అవకాశం తెచ్చిన చట్టమే నడిపించే అవకాశాన్ని పరోక్షంగా తగ్గించింది. నల్లజాతి మహిళలకు ఇది మరీ ఎక్కువ. కోర్టు మీద ఆడేవాళ్లలో వాళ్ల సంఖ్య ఎక్కువ, హెడ్ కోచ్ కుర్చీల్లో తక్కువ.

జాతీయ టైటిల్ గెలిచిన మొదటి నల్లజాతి మహిళా కోచ్ క్యారొలిన్ పెక్. 1999లో పర్డ్యూ జట్టుతో గెలిచారు. టైటిల్ గెలిచిన జట్టు నిచ్చెన ఎక్కి బాస్కెట్ వలను కత్తిరించుకోవడం అక్కడి ఆనవాయితీ. పెక్ తన వలలోంచి ఒక ముక్క స్టేలీకి ఇచ్చారు, నువ్వు గెలిచినప్పుడు తిరిగివ్వు అని. 2017లో స్టేలీ గెలిచారు. ఆ వలను ముక్కలు చేసి, తర్వాత దేశంలో డివిజన్ 1లో ఉన్న నల్లజాతి మహిళా హెడ్ కోచ్‌లకు పంపారు. వేలెడంత తాడు ముక్క. కోచ్ ఉద్యోగాలు ఎవరికి వస్తున్నాయి, ఎవరికి రావడం లేదు అన్న చర్చలో ఎన్నో నివేదికలు చేయలేని పని అది చేసింది.

ముందు ఏం జరగొచ్చు

మాజీ ప్లేయర్లను నేరుగా హెడ్ కోచ్‌లుగా తీసుకునే ధోరణి ఆగేలా లేదు. కారా లాసన్ 2020లో డ్యూక్‌కు, నీల్ ఐవీ అదే ఏడాది నోట్రడామ్‌కు వెళ్లారు. ఇద్దరూ గార్డ్‌లుగా ఆడినవాళ్లే. అయితే వీళ్లిద్దరూ అంతకుముందు కొంతకాలం ఇతరుల కింద అసిస్టెంట్లుగా పనిచేశారు. స్టేలీ లాగా ఏ శిక్షణా లేకుండా నేరుగా కుర్చీలో కూర్చునే అవకాశం ముందుముందు తగ్గవచ్చు. జీతాలు పెరిగినచోట ఓపిక తగ్గుతుంది. ఈరోజు ఒక పెద్ద కాన్ఫరెన్స్‌లో 10–18, ఆ వెంటనే 14–15 వస్తే అభిమానులు ఊరుకోరు.

నిబంధనలూ మారాయి. 2021 జులై నుంచి కాలేజీ ప్లేయర్లు తమ పేరు, ఫొటో మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. జట్టు మారాలనుకుంటే ఏడాది కూర్చోకుండా వెంటనే మారవచ్చు. 2025 జులై నుంచి యూనివర్సిటీలే ఆదాయంలో వాటా నేరుగా ప్లేయర్లకు ఇస్తున్నాయి. నాలుగేళ్లు ఓపిగ్గా పెంచుకునే జట్టు అనే ఆలోచనే బలహీనపడుతోంది. బెంచ్ మీద కూర్చున్న అమ్మాయికి పక్క యూనివర్సిటీ నుంచి ఫోన్ వస్తుంది. అలాంటప్పుడు ఫైనల్లో 37 పాయింట్లు వేసే బెంచ్‌ను నిలబెట్టుకోవడం మునుపటికంటే కష్టం.

మరోవైపు తలుపులు పైకి కూడా తెరుచుకుంటున్నాయి. 2025 వేసవిలో ఎన్‌బీఏ జట్టు న్యూయార్క్ నిక్స్ హెడ్ కోచ్ పదవికి స్టేలీని ఇంటర్వ్యూ చేసింది. ఆ పదవి మైక్ బ్రౌన్‌కు వెళ్లింది. ఎన్‌బీఏలో ఇప్పటిదాకా మహిళ పూర్తికాలపు హెడ్ కోచ్ కాలేదు.

ఆడినవాళ్లే నేర్పేవాళ్లయితే ఏం జరుగుతుందో తెలుగు పాఠకులకు ఒక దగ్గరి ఉదాహరణ ఉంది. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. తర్వాత హైదరాబాద్‌లో అకాడమీ పెట్టారు. సైనా, సింధు అక్కడే మెరుగులు దిద్దుకున్నారు. కానీ అది ఒక మనిషి పట్టుదలతో నిలబడిన అకాడమీ. అమెరికాలో ఆ పనికి యూనివర్సిటీ జీతం, అరీనా, స్కాలర్‌షిప్‌లు వెనక ఉన్నాయి. స్టేలీ తరవాత స్టేలీ లాంటివాళ్లు వరసగా రావడం అందుకే సాధ్యమవుతోంది.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా మహిళల జట్టు ఆస్ట్రేలియాను 92–65తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ మ్యాచ్‌లో కోర్టు మీద కారా లాసన్ ఉంది. బెంచ్ మీద అసిస్టెంట్ కోచ్‌గా స్టేలీ ఉన్నారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు అమెరికా హెడ్ కోచ్ స్టేలీ. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు హెడ్ కోచ్ లాసన్.